దుర్గాబాయి దేశ్‌ముఖ్: దయకు పద్దు రాసిన మనిషి

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఐఐటీ ప్రాంగణానికి ఆనుకొని ప్రేమ్ బజార్ ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ పట్టణంలో నివసిస్తున్నాయి. ఇక్కడి నుంచి ఒక రైలు మార్గం దక్షిణానికి సాగి, రాజమహేంద్రవరం మీదుగా చెన్నై చేరుతుంది. మరొకటి పడమటి దిక్కుగా ఝార్‌గ్రామ్ మీదుగా టాటానగర్ వైపు వెళుతుంది. మేధో ఎదుగుదలలో వెనుకబడిన పిల్లల చదువుకూ ఆటపాటలకూ డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు ఈ దేశం వెతుక్కున్న సమాధానాల్లో రెండు ఈ రెండు దారుల వెంట ఉన్న ఊళ్లలోనే పుట్టాయి.

అటువంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఈ ప్రశ్న తెలిసినదే. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయునికి నెలనెలా జీతం ఇవ్వాలి. మాట రాని బిడ్డకు మాట నేర్పేవారు కావాలి. బిడ్డను బడికి చేర్చే బండి కావాలి. వారంలో ఒక పూటైనా పాట, బొమ్మలు, బంతాట ఉండాలి. ఇవన్నీ ఏళ్ల తరబడి సాగాలి. సామాన్య కుటుంబం సంపాదన ఒక్కటే దీనికి చాలదు. దాత మనసు ఈ ఏడాది కరుగుతుంది, వచ్చే ఏడాది కరగకపోవచ్చు. దయ ఉన్నా దానికొక పద్దు లేకపోతే బడి నిలవదు.

ఆ పద్దును స్వతంత్ర భారత ప్రభుత్వ లెక్కల్లో రాయించిన వారిలో అగ్రగణ్యురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా తెలుగువారు ఆమెను స్మరిస్తారు. స్వచ్ఛంద సంస్థలకు ప్రజాధనం చేరే కాలువను తవ్విన మనిషిగా ఆమె పేరు అంతగా వినబడదు. ఆమె జీవితంలో మిగిలిన ఘట్టాలన్నీ ఆ పనికి సన్నాహాల్లా కనిపిస్తాయి.

కాకినాడలో తొలి నిధి

దుర్గాబాయి 1909 జులై 15న గోదావరి తీరంలోని రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఇరుగుపొరుగు కష్టసుఖాలను తమవిగా భావించే ఆ ఇంట్లో సేవ అనేది ప్రత్యేకంగా నేర్పవలసిన పాఠం కాలేదు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ల వయసులోనే ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయసు వచ్చాక ఆమె ఆ బంధం నుంచి వైదొలగారు. తండ్రి, సోదరుడు ఆ నిర్ణయంలో ఆమెకు అండగా నిలిచారు.

ఆంగ్ల మాధ్యమాన్ని నిరసిస్తూ బడి మానివేసిన ఆ బాలిక, తాను హిందీ నేర్చుకుని, బాలికలకు హిందీ చెప్పే చిన్న పాఠశాలను తానే ప్రారంభించారు. పాఠం చెప్పించుకోవలసిన వయసులో పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

1921 ఏప్రిల్‌లో మహాత్మా గాంధీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. దేవదాసీలు, పరదా చాటున ఉండే ముస్లిం మహిళలు గాంధీని కలుసుకుని ఆయన మాట వినాలని ఆమె కోరిక. సభా నిర్వాహకులు అందుకు ఐదు వేల రూపాయల నిధి సమర్పించాలని షరతు పెట్టారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. దేవదాసీలు ముందుకు వచ్చి ఆ సొమ్ము సమకూర్చారు. కొద్ది నిమిషాలే కేటాయించిన ఆ సభలో గాంధీ చాలాసేపు ఉండిపోయారు. ఆయన ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించినది దుర్గాబాయే. స్త్రీలు తమ ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. అలా పోగైనది సుమారు పాతిక వేల రూపాయల విలువ చేసిందని ఆమె తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు.

ఆ సభ ఆమెకు రెండు సంగతులు నేర్పింది. సమాజం చిన్నచూపు చూసే మనుషులకు కూడా ఒక సభలో కూర్చునే హక్కు ఉంది. ఆ హక్కు నెరవేరాలంటే ఎవరో ఒకరు తిరిగి డబ్బు పోగుచేయాలి. రెండో పని గౌరవానికి తక్కువ అని ఆమె జీవితంలో ఎన్నడూ భావించలేదు.

రెండేళ్ల తరువాత, 1923లో, కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచిన దుర్గాబాయి, టికెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను లోనికి అనుమతించలేదు. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చిన తరువాతే ఆయన లోపలికి వెళ్లారు. పెద్దలకు ఒక నియమం, పేదలకు ఒక నియమం ఉండరాదన్న పట్టుదల ఆనాటికే ఆమెలో స్థిరపడింది. ముప్పై ఏళ్ల తరువాత ప్రభుత్వ గ్రాంట్లు పంచే పీఠం మీద ఆమె కూర్చున్నప్పుడు ఆ పట్టుదలే అక్కరకు వచ్చింది.

చెరసాలలో దొరికిన దారి

1930లో ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని ఊపివేసింది. టంగుటూరి ప్రకాశం నాయకత్వం వహించిన మద్రాసు ఉద్యమంలో దుర్గాబాయి ముందు వరుసలో నిలిచారు. 1930 నుంచి 1933 వరకు ఆమె పలుమార్లు జైలుకు వెళ్లారు. వెల్లూరు, మదురై కారాగారాలు ఆమెకు రెండో ఇళ్లయ్యాయి.

అవే సంవత్సరాల్లో, నేటి ప్రేమ్ బజార్‌కు సమీపంలోని హిజ్లీ నిర్బంధ శిబిరం బెంగాల్ విప్లవకారులతో నిండిపోయింది. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిర్బంధితులు మరణించారు. ఆ శిబిర భవనంలోనే 1951లో దేశంలోని తొలి ఐఐటీ ప్రారంభమైంది. జైలు విద్యాలయం కావడం ఆ తరానికి కొత్త విషయం కాదు. దుర్గాబాయి విషయంలో జైలే విద్యాలయంగా మారింది.

మదురై జైలులో ఆమెను ఏకాంత నిర్బంధంలో ఉంచారు. సమీపపు గదుల్లో మరణశిక్ష పడిన స్త్రీలు ఉండేవారు. వారిలో పలువురికి తమపై మోపిన నేరం ఏమిటో, కోర్టులో తమ పక్షాన ఎవరు ఏమి చెప్పారో తెలియదు. చదువు లేకపోవడం, వకీలు లేకపోవడం, అడిగే దిక్కు లేకపోవడం వారిని ఉరికంబం వరకు నడిపించాయి. తన గురించి తాను చెప్పుకోలేని మనిషికి మరొకరు గొంతు కావాలన్న సంగతి ఆమెకు అక్కడ అర్థమైంది. న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నది ఆ గదిలోనే. ఆరోగ్యం బాగా దెబ్బతిన్న స్థితిలో బయటకు వచ్చిన ఆమె, రాజకీయాల జోరు నుంచి కొంత తప్పుకుని చదువు వైపు మళ్లారు.

అప్పటికి ఆమెకు పాఠశాల ధ్రువపత్రం కూడా లేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షతో ఆరంభించి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదవడానికి సిద్ధమయ్యారు. ఆడపిల్లలకు వసతి గృహం లేదని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి సంశయించారు. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించి, చదువు కోరుతున్న మరికొందరు యువతులను కూడగట్టి, వారితో కలిసి వసతి ఏర్పాటు చేసుకున్నారు. అవసరం ఉన్నవారు ఎందరో ముందు లెక్కతేల్చి, తరువాత తలుపు తట్టడం ఆమె పద్ధతి. ఆపై మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి వకీలయ్యారు.

బృందావనంలో ఆటపాటలు

ఆమె సంస్థా నిర్మాణం ఆటపాటలతో మొదలైందన్న సంగతి చాలామందికి తెలియదు. 1930ల మధ్యలో మద్రాసులోని మైలాపూరులో, పిల్లలను చేరదీసి హిందీ, సంగీతం, నాటకం నేర్పే ఒక చిన్న బృందాన్ని ఆమె నడిపారు. బృందావన బాలికలుగా పేరుపడిన ఆ పిల్లల గుంపు నుంచే 1937లో ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకుంది. పిల్లలు ఆడుకుంటూ ఉంటే తల్లులు వచ్చారు. తల్లులు వచ్చాక వారి చదువు సంగతి, ఉపాధి సంగతి, వైద్యం సంగతి ముందుకు వచ్చాయి.

బడి మధ్యలో మానివేసిన స్త్రీలను తక్కువ వ్యవధిలో మెట్రిక్యులేషన్‌కు సిద్ధంచేసే తరగతులు సభకు పేరు తెచ్చాయి. వసతి గృహం, చేతిపనుల శిక్షణ, ప్రసూతి వైద్యశాల, పత్రిక ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ప్రతి దానికీ డబ్బు కావాలి. దుర్గాబాయి గడప గడపకూ తిరిగారు. జమీందారులను అడిగారు, వ్యాపారులను అడిగారు, సామాన్య గృహిణులనూ అడిగారు.

ఈ అనుభవంలో ఆమె ఒక చేదు నిజాన్ని గ్రహించారు. భవనానికి డబ్బు ఇచ్చేవారు దొరుకుతారు, ఎందుకంటే గోడ మీద పేరు ఉంటుంది. ఉపాధ్యాయురాలి జీతానికి ఇచ్చేవారు దొరకరు, ఎందుకంటే నెల తిరిగేసరికి ఆ డబ్బు కనబడకుండా పోతుంది. ఏ సేవా సంస్థకైనా గండం శంకుస్థాపన నాడు ఉండదు. అయిదో ఏట, జీతాల తేదీన ఉంటుంది.

రాజ్యాంగ సభ నుంచి ప్రణాళికా సంఘానికి

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల జాబితాలో చోటు దక్కిన ఏకైక మహిళ ఆమె. న్యాయస్థానాల స్వాతంత్ర్యం గురించి, జాతీయ భాష గురించి, స్త్రీల ఆస్తి హక్కు గురించి ఆమె పాలుపంచుకున్న చర్చలు చరిత్రకు ఎక్కాయి. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 ఏళ్ల నుంచి 30కి తగ్గించాలన్న సవరణ ప్రతిపాదించినది ఆమే.

ఆ సభ ఆమోదించిన రాజ్యాంగంలో 41వ అధికరణం ఉంది. నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం వంటి సందర్భాల్లో పౌరులకు విద్య, పని, ప్రభుత్వ సహాయం అందేలా చూడాలని అది రాజ్యానికి నిర్దేశిస్తుంది. అయితే ఆర్థిక స్తోమత మేరకు అన్న పరిమితి దానికి ఉంది. కోర్టుకు వెళ్లి అమలు చేయించుకునే హక్కు కాదు అది. అంటే ఆ వాగ్దానం నెరవేరడం, నెరవేరకపోవడం బడ్జెట్ పుస్తకంలో ఉండే అంకెల మీద ఆధారపడింది.

1952 ఎన్నికల్లో దుర్గాబాయి లోక్‌సభకు ఎన్నిక కాలేకపోయారు. ఆ ఓటమి ఆమెను అంకెల దగ్గరకే చేర్చింది. నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమించారు. సాంఘిక సంక్షేమం ఆమె బాధ్యత. 1953 జనవరిలో ఆమె అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరుగా పనిచేసిన ఆయన అంకెల మనిషి. ఆమె సేవారంగపు మనిషి. ఆ వివాహానికి సాక్షుల్లో నెహ్రూ ఒకరు.

నాలుగు కోట్ల రూపాయలు

కొత్తగా స్వతంత్రమైన దేశంలో ఆనకట్టలు, ఉక్కు, తిండిగింజలు ప్రణాళికను ఆక్రమించుకున్నాయి. అనాథ పిల్లలకూ వితంతువులకూ వికలాంగులకూ నడిచే సంస్థలు దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నా, అవి ప్రభుత్వ దృష్టిలో దాతల వ్యవహారం మాత్రమే. దుర్గాబాయి ఈ ఆలోచనను ప్రశ్నించారు. ఈ సంస్థలు చేస్తున్నది ప్రభుత్వం చేయవలసిన పని. ప్రభుత్వం దాన్ని స్వయంగా చేపడితే గుమాస్తాల చేతుల్లో ఎండిపోతుంది. సంస్థలకే వదిలేస్తే డబ్బు లేక ఆగిపోతుంది. కాబట్టి పని వారిది, డబ్బులో భాగం ప్రభుత్వానిది కావాలి.

ఈ ఆలోచన ఫలితమే 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు. దుర్గాబాయి దాని తొలి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు సహాయం చేయడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. మొత్తం ప్రణాళికలో అది చిన్న మొత్తమే. అయినా అప్పటివరకు ఆ పని కోసం జాతీయ స్థాయిలో అటువంటి పద్దే లేదు.

స్త్రీలు, పిల్లలు, వికలాంగుల సంక్షేమానికి పనిచేసే సంస్థలు బోర్డు పరిధిలోకి వచ్చాయి. ఉన్న సంస్థలను గుర్తించడం, వాటి పనిని పరిశీలించడం, అర్హత ఉన్నవాటికి గ్రాంటు మంజూరు చేయడం, లెక్కలు అడగడం దాని విధానం. సంస్థ తన వంతు కొంత సొమ్ము స్థానికంగా సేకరించాలి. ప్రభుత్వ ధనం వచ్చిందని ఊరు చేతులు దులుపుకోరాదన్నది ఈ నియమంలోని అంతరార్థం. బోర్డులోనూ, 1954 నుంచి రాష్ట్రాల్లో ఏర్పడిన సలహా మండళ్లలోనూ ఉద్యోగులకంటే సామాజిక కార్యకర్తలకు, ముఖ్యంగా మహిళలకు, పెద్దపీట వేశారు.

గ్రామాల్లో బాలవాడీలు, ప్రసూతి సేవలు, స్త్రీలకు అక్షరాస్యత, చేతిపనులు ఒకే చోట అందించే సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలయ్యాయి. మైలాపూరులో ఆమె ప్రయోగించిన సంక్షిప్త విద్యా తరగతులు 1958లో జాతీయ పథకమయ్యాయి. పేద కుటుంబాల పిల్లలకు సెలవు శిబిరాలు కూడా బోర్డు కార్యక్రమాల్లో చేరాయి. కొండనో సముద్రాన్నో ఎన్నడూ చూడని పిల్లలు కొద్ది రోజులు ఇల్లు విడిచి కలిసి ఆడుకోవడానికి ప్రజాధనం ఖర్చుచేయడం సబబేనని ఒక ప్రభుత్వ సంస్థ అంగీకరించింది. వినోదం విలాసం కాదన్న ఈ అంగీకారం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో నేటికీ తేలికగా లభించడం లేదు.

వరుసలో చివరన నిలిచిన పిల్లలు

వికలాంగుల కోసం దుర్గాబాయి బోర్డుకు బయట కూడా పనిచేశారు. అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా ఉండి, వారికోసం వసతితో కూడిన పాఠశాలను, లైట్ ఇంజినీరింగ్ కార్ఖానాను నెలకొల్పారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఆధ్వర్యంలో వచ్చిన ఎముకల చికిత్సా కేంద్రం పోలియో సోకిన పిల్లలకు ఆశ్రయమైంది.

ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. చూపులేని యువకుడు యంత్రం ముందు నిలబడి జీతం తెచ్చుకుంటే దాత కళ్లారా చూడగలడు. పోలియో బిడ్డ లోహపు పట్టీల సాయంతో నాలుగు అడుగులు వేస్తే చూసినవారి కళ్లు చెమర్చుతాయి. మేధో ఎదుగుదలలో వెనుకబడిన బిడ్డ విషయంలో ఫలితం అలా ఎదురుగా నిలబడదు. చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్వడానికి ఒక ఏడాది పట్టవచ్చు. చిల్లర లెక్కించడానికి మూడేళ్లు పట్టవచ్చు. ఆ మార్పు విలువ తల్లికి తెలుస్తుంది. గ్రాంటు దరఖాస్తులో దాన్ని చూపించడం కష్టం. అందుకే ఆ కాలపు సంక్షేమ వరుసలో ఈ పిల్లలు చివరన నిలిచారు. దుర్గాబాయి నిర్మించిన కాలువ ఉన్నా, నీరు వారి మడి వరకు చేరడానికి చాలా కాలం పట్టింది. ఆమె జీవితకథను నిజాయతీగా చెప్పాలంటే ఈ లోటును కూడా చెప్పాలి.

వారికోసం పాఠశాలలు లేకపోలేదు. ఖరగ్‌పూర్ నుంచి పడమటి మార్గంలో వచ్చే ఝార్‌గ్రామ్‌లో 1930లలోనే గిరిజాభూషణ్ ముఖర్జీ బోధన అనే సంస్థను మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం నెలకొల్పారు. అప్పట్లో ఆ ఊరు మిడ్నపూర్ జిల్లాలో భాగం. 1944లో బొంబాయిలో జై వకీల్ తన కుమార్తె వంటి పిల్లల కోసం పాఠశాల ప్రారంభించారు. ఇటువంటి బడులు ఎక్కువగా తల్లిదండ్రుల వేదన నుంచి, కొద్దిమంది దాతల చేయూత నుంచి పుట్టాయి. 1965లో ఈ రంగంలోని సంస్థలు ఒక జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. విడివిడిగా అడిగితే దానం అవుతుంది, కలిసి అడిగితే విధానం అవుతుందన్న దుర్గాబాయి అనుభవం వారికీ ఎదురైంది.

ఆట విషయంలో ప్రపంచం కూడా ఆలస్యంగానే మేల్కొంది. అమెరికాలో యూనిస్ కెనడీ శ్రైవర్ చొరవతో మేధో వైకల్యం ఉన్నవారికి తొలి స్పెషల్ ఒలింపిక్స్ క్రీడలు 1968 జులైలో షికాగోలో జరిగాయి. ఆ ఉద్యమం వెనుక ఒక సంపన్న కుటుంబ నిధి నిలిచింది. భారతదేశంలో అటువంటి నిధులు అరుదు. ఇక్కడ ప్రభుత్వ గ్రాంటు, స్థానిక చందా కలిస్తేనే బడి ఆవరణలోకి బంతి వస్తుంది.

ఆమె వెళ్లిపోయిన సంవత్సరం

1958లో స్త్రీ విద్యపై ఏర్పడిన జాతీయ కమిటీకి దుర్గాబాయి అధ్యక్షత వహించారు. ఢిల్లీలో సామాజికాభివృద్ధి మండలికి పునాది వేశారు. ఆంధ్ర మహిళా సభ కార్యకలాపాలు హైదరాబాదుకు విస్తరించి ఆసుపత్రి, కళాశాలలుగా ఎదిగాయి. 1975లో ఆమెకూ, సి.డి. దేశ్‌ముఖ్‌కూ పద్మవిభూషణ్ పురస్కారాలు లభించాయి. ఆమె 1981 మే 9న కన్నుమూశారు.

ఆ సంవత్సరానికి మరో గుర్తింపు ఉంది. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. దేశదేశాల ప్రభుత్వాలు ఈ విషయాన్ని కార్యక్రమపట్టికలోకి తెచ్చుకున్నాయి. మూడేళ్ల తరువాత, 1984లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ సికింద్రాబాదులోని బోయినపల్లిలో ఏర్పడింది. ఉపాధ్యాయుల శిక్షణకూ, పరిశోధనకూ, సేవలకూ అది కేంద్రమైంది. కోల్‌కతాలో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. తెలుగు నేల మీద మొదలైన ఆ సంస్థ సేవలు ఈ విధంగా ఖరగ్‌పూర్ తెలుగువారికి దగ్గరయ్యాయి.

1995 నాటి చట్టం వికలాంగుల నిర్వచనంలో మేధో వైకల్యాన్ని చేర్చింది. 1999లో ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి సంక్షేమానికి నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని మూలనిధిగా కేంద్రం వంద కోట్ల రూపాయలు ఇచ్చింది. ఈ ఏర్పాటు వెనుక ఉన్న ప్రశ్న ప్రతి తల్లిదండ్రుల గుండెలో ఉన్నదే: తాము పోయాక ఈ బిడ్డను ఎవరు చూస్తారు? మూలనిధిని కదపకుండా దాని రాబడితో పని సాగించే పద్ధతి ఆ ప్రశ్నకు దీటైనది. ఏటేటా మంజూరయ్యే గ్రాంటు ఆలస్యమైతే జీతాలు ఆగుతాయి. బడి ఒక్క నెల ఆగినా ఎంతో శ్రమపడి నేర్చుకున్నది ఆ బిడ్డ చేయి జారిపోతుంది.

ప్రత్యేక పాఠశాలలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు కేంద్ర ప్రభుత్వం నేటికీ దీన్‌దయాళ్ పునరావాస పథకం కింద గ్రాంట్లు ఇస్తోంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో రెండు శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలని నిర్దేశించింది. ఆ ఖర్చుకు అర్హమైన పనుల్లో ప్రత్యేక విద్య ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చదువుతోపాటు సంస్కృతి, వినోదం, క్రీడలను కూడా ప్రభుత్వ బాధ్యతగా గుర్తించింది. మైలాపూరు బృందావనంలో పిల్లల పాటతో మొదలైన ఆలోచన చట్టం భాషలోకి చేరడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

మరోవైపు, దుర్గాబాయి ప్రాణంపెట్టి నిర్మించిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డును 2022లో కేంద్ర ప్రభుత్వం మూసివేసింది. అప్పటికి దాని పనులు చాలావరకు మంత్రిత్వ శాఖల పథకాల్లో కలిసిపోయాయి. దాదాపు ఏడు దశాబ్దాలు నడిచిన ఆ సంస్థ ముగింపు వార్తకు పెద్దగా చోటు దక్కలేదు.

మిగిలిన పద్దు

సంస్థలు పుడతాయి, కొంతకాలానికి ముగుస్తాయి. దుర్గాబాయి జీవితం నుంచి మిగిలేది ఒక పద్ధతి. మొదట అవసరంలో ఉన్నవారిని లెక్కించాలి. తరువాత ఊరివారి నుంచి కొంత సేకరించాలి. ఆ లెక్కతో, ఆ సొమ్ముతో ప్రభుత్వం తలుపు తట్టాలి. వచ్చిన ప్రతి రూపాయికీ వివరం చెప్పాలి. మరుసటి ఏడాది మళ్లీ అదే పని చేయాలి. ఇందులో వీరగాథలకు సరిపడే ఘట్టం ఏదీ లేదు. రసీదు పుస్తకాలు, తనిఖీలు, దరఖాస్తులు, ఎదురుచూపులు మాత్రమే ఉన్నాయి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన మనిషి ఈ విసుగు పుట్టించే పనిని దేశసేవలో భాగంగా భావించి దశాబ్దాల పాటు చేశారు.

ఆ పని అవసరం నేటికీ తీరలేదు. పుట్టిన ఊరికి దూరంగా, ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, కొలువులో హిందీ మాట్లాడే కుటుంబంలో మాట ఆలస్యమైన బిడ్డ ఉంటే ఆ తల్లిదండ్రుల భారం మరింత ఎక్కువ. బిడ్డకు ఏ భాషలో శిక్షణ ఇప్పించాలో కూడా వారికి ఒక సమస్యే. ప్రేమ్ బజార్ వంటి పేటల్లో అటువంటి బిడ్డ సాయంత్రం పూట ఒక గంట తోటిపిల్లలతో ఆడుకోవాలంటే ఒక గది కావాలి, ఓపిక ఉన్న ఒక ఉపాధ్యాయురాలు కావాలి, ఆమెకు నెల మొదటి తేదీన జీతం అందాలి.

1921లో కాకినాడలో నగలు విప్పి ఇచ్చిన స్త్రీల పేర్లు చరిత్రలో లేవు. వారిచ్చిన దాన్ని లెక్కకట్టిన బాలిక పేరు ఉంది. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య నిలిచి, లెక్క తప్పకుండా చేర్చేవారు ఉంటేనే ఆ గది తలుపు ప్రతి సాయంత్రం తెరుచుకుంటుంది.